పైథాన్‌లో త్రెడ్లు - 6వ పాఠం: క్యూలో ఈ లింకు ఇప్పటికే ఉందా?

కిందటి పాఠంలో రాసిన ప్రోగ్రాంలో నాలుగు వర్కర్ త్రెడ్లు ఒకే క్యూలోంచి లింకులు తీసుకుని పేజీలు దించుకుంటున్నాయి. చిక్కల్లా ఒకే లింకు రెండుసార్లు క్యూలో పడటమే.

లిస్టులో వెతికినట్టు ‘ఇన్’ వాడితే టైప్ ఎర్రర్ వస్తుంది. క్యూ క్లాసులో వెతికే మెథడ్ లేదు. ఉన్నా ఒరిగేది తక్కువే: ‘లేదు’ అన్న జవాబు మన చేతికొచ్చేలోపు ఇంకో త్రెడ్ అదే లింకును వేసేయొచ్చు.

లోపలికి తొంగిచూసే దారి మాత్రం ఉంది. క్యూ ఆబ్జెక్టులో ‘క్యూ’ అనే పేరుతోనే ఒక డెక్ (రెండు చివర్ల నుంచీ వేసి తీయగల వరుస), ‘మ్యూటెక్స్’ పేరుతో దాని లాక్ (ఒకసారికి ఒక త్రెడ్డే పట్టుకోగలిగేది) ఉంటాయి. ‘విత్’తో మ్యూటెక్స్ పట్టుకుని ఆ డెక్‌లో ‘ఇన్’తో వెతకండి. డీబగ్గింగ్‌కి ఇది చాలు.

అయితే ఆ విత్ బ్లాకులోనే పుట్ పిలిచారో, ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. పుట్‌కీ అదే మ్యూటెక్స్ కావాలి. అది ఆర్‌లాక్ (పట్టుకున్న త్రెడ్డే మళ్లీ పట్టుకోగలిగే లాక్) కాదు, మామూలు లాక్. తను పట్టుకున్న లాక్ కోసం త్రెడ్ తనే కాచుక్కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. క్యూలో ఎన్ని ఉన్నాయో చెప్పే క్యూసైజ్ పిలిచినా ఇదే గతి. పోనీ పుట్‌ని బ్లాకు బయటికి తెస్తే, చూడటానికీ వేయడానికీ మధ్య సందు దొరికి డూప్లికేట్లు మళ్లీ మొదలు.

అందుకే సబ్‌క్లాస్ రాద్దాం. అండర్‌స్కోర్ ఇనిట్ (_init)లో మాతృ మెథడ్‌ను పిలిచాక ఒక ఖాళీ సెట్ పెట్టండి. డూప్లికేట్‌ను, పుట్ లోపల పిలిచే అండర్‌స్కోర్ పుట్ (_put)లోనే చడీచప్పుడు లేకుండా వదిలేద్దామనిపిస్తుంది, వద్దు. పుట్ ఎలాగూ అన్‌ఫినిష్డ్ టాస్క్స్ లెక్కను ఒకటి పెంచేస్తుంది, ఆ పనికి లెక్క తగ్గించే టాస్క్ డన్ ఎవరూ పిలవరు, లెక్క సున్నా అయ్యేదాకా ఆగే జాయిన్ ఎప్పటికీ తిరిగి రాదు.

బదులుగా ‘లేకపోతేనే వేయి’ అనే కొత్త మెథడ్ రాయండి. మ్యూటెక్స్ పట్టుకోవాలి, సెట్‌లో లింకు ఉంటే ఫాల్స్ ఇచ్చి వెనక్కి రావాలి. లేకపోతే సెట్‌లో చేర్చి, అండర్‌స్కోర్ పుట్ పిలిచి, లెక్క ఒకటి పెంచి, ‘నాట్ ఎంప్టీ’కి నోటిఫై ఇచ్చి ట్రూ పంపాలి. నోటిఫై మరిస్తే ఖాళీ క్యూ దగ్గర నిద్రపోతున్న వర్కర్ లేవదు. మ్యాక్స్‌సైజ్ (ఇన్నే పట్టాలనే పరిమితి) పెట్టిన క్యూ అయితే ముందు ‘నాట్ ఫుల్’ మీద వెయిట్ చేయాలి. వెయిట్ లాక్‌ను వదిలేస్తుంది కాబట్టి లేచాకే సెట్‌ని చూడాలి.

గెట్ అయిన లింకును సెట్‌లోంచి తీయాలా? పేజీలు దించే పనిలో తీయకండి. తీస్తే పేజీ ఇంకా దిగుతుండగానే అదే లింకు మళ్లీ లోపలికొస్తుంది.

అభ్యాసం: పూర్తయిన పనిని తర్వాత మళ్లీ వేసుకోనివ్వాలి, నడుస్తున్నప్పుడు మాత్రం వేయనివ్వకూడదు. సెట్‌లోంచి ఎక్కడ తీస్తారు, ఏ లాక్ కింద?