అన్నం మానేసినా షుగర్ దిగట్లేదా? ముందు కంచంలో వెతకండి

ఇది షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ, ఇంట్లో మీటరు పెట్టుకున్నవాళ్ల కోసం. చాలామందికి డాక్టర్లు చెప్పే లెక్క: పరగడుపున 80–130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు. గర్భిణులకు, బాగా పెద్దవయసువాళ్లకు ఈ లెక్క మారుతుంది.

ఏమీ తినకపోయినా మీటరు ఉన్నట్టుండి 260 చూపించింది

ముందు వేలిని అనుమానించండి. మామిడిపండు కోసిన చెయ్యి పైటచెంగుకు తుడుచుకుని సూది గుచ్చుకుంటే రక్తంతోపాటు పండు రసాన్నీ స్ట్రిప్పు లెక్కేస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక ఇంకో వేలికి చూడండి. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోయినా, గడువు తేదీ దాటినా అంకెను నమ్మలేం.

రాత్రి అన్నం బదులు చపాతీలే, అయినా 230

ఎన్ని చపాతీలు? వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, గోధుమపిండిలో 65–70 ఉంటుంది. చపాతీకి 30 గ్రాముల పిండి వేసుకున్నా, నాలుగింటికి 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లినట్టే. వంద గ్రాముల బియ్యం వండుకు తిన్నదానికీ దీనికీ తేడా ఏముంది? పైగా పక్కన ఆలుగడ్డ కూర! రెండు చపాతీలకు ఆగి, కప్పు పప్పు, దానికి రెట్టింపు బీరకాయో బెండకాయో కూర పెట్టుకుని మళ్లీ మీటరు చూడండి.

రాగిజావ మొదలెట్టాక పొద్దుటి షుగర్ పెరిగింది

మా అమ్మతో నేను పడ్డ గొడవ ఇదే. ఏడింటికి పెద్ద గ్లాసుడు జావ, తొమ్మిదింటికి 241. "రాగులు షుగర్‌కి మంచివేగా రా!" అని మీటరునే తిట్టింది. రాగులు మంచివే. కానీ మెత్తగా మరపట్టించి, నీళ్లలో ఉడికించి, నమలకుండా తాగేస్తే కడుపుకు మిగిలే పని తక్కువ, గ్లూకోజు తొందరగా రక్తంలోకి చేరుతుంది. అందులో బెల్లం ముక్క కూడా వేసేదని తర్వాత తెలిసింది. జావ ఆపి పెసరట్టు, అల్లం పచ్చడి పెడితే అదే తొమ్మిదింటికి 168. మీ ఇంట్లో ఇవే అంకెలు రావాలని లేదు, మీ మీటరే చెప్పాలి. కొర్రలు, సామలకూ ఇదే వరస: గింజగా వండి కూరతో నమిలి తినండి, అదీ కొలిచి.

"షుగర్ ఫ్రీ బియ్యం" కొన్నా తేడా లేదు

షుగర్ రాని బియ్యమంటూ ఏదీ లేదు. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసెమిక్ ఇండెక్స్ (తిండి ఎంత తొందరగా షుగర్ పెంచుతుందో చెప్పే అంకె) 51 దరిదాపుల్లో ఉంటుందంటారు. 55, అంతకన్నా తక్కువైతే తక్కువ కిందే లెక్క. అయితే ఆ ఇండెక్స్ కట్టేది కొలిచి పెట్టిన తిండి మీద. మన భోజనంలో కొలత ఏది? పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, చివర్న పెరుగుతో ఇంకాస్త. ప్రతిసారీ గరిటె గిన్నెలోకి వెళ్తుంది. అసలు దొంగ అక్కడ దొరుకుతాడు. కూర్చునే ముందే ఒక కప్పు అన్నం కంచంలో పెట్టుకుని, గిన్నె వంటింట్లోనే వదిలేయండి. కూర, పప్పు ముందు ఉత్తవే నాలుగు ముద్దలు తిని అన్నం తర్వాత కలపండి. పెరుగన్నానికి బదులు మజ్జిగ తాగండి. తిన్నాక పావుగంట నడిస్తే ఇంకా దిగుతుంది.

బిర్యానీ తిన్న రెండు గంటలకు బాగానే ఉంది, నాలుగు గంటలకు ఎక్కింది

నూనె, నెయ్యి అరుగుదలను ఆలస్యం చేస్తాయి. అలాంటి రోజు ఇంకోసారి చూడండి. రాత్రి పదింటికి తినే అలవాటుంటే మర్నాటి పరగడుపు అంకె కూడా దీనివల్లే పెరగొచ్చు. ఎనిమిదికల్లా తేలిగ్గా తిన్నా పొద్దున్నే ఎక్కువుంటే, తెల్లవారుజామున కాలేయం విడుదల చేసే గ్లూకోజు కావచ్చు. దానికి తిండి కోతతో పని జరగదు, మందు మార్చాలేమో డాక్టరును అడగాలి. 300 దాటి దిగకపోయినా, వాంతులు, విపరీతమైన దాహం ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అన్నం బాగా తగ్గించాక చెమటలు, చేతుల వణుకు

తిండి తగ్గింది, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రో ఇన్సులినో పాత మోతాదులోనే ఉంది. 70 కన్నా తక్కువుంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు పొడి, లేదా మూడు నిండు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటకు మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ తాగాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సు పిలవండి. తేరుకున్నాక మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడాలి. ఒక్క మెలిక ఉంది: వోగ్లిబోజ్ గానీ అకార్బోజ్ గానీ వాడేవాళ్లకు పంచదార సమయానికి పనిచేయదు, ఆ మందులు దాన్ని విడగొట్టనివ్వవు. వాళ్లకు గ్లూకోజు పొడే కావాలి. మీ చీటీలో ఆ పేర్లున్నాయేమో ఇవాళే చూసుకుని, ఒక ప్యాకెట్ తెచ్చి మీటరు పక్కనే పెట్టుకోండి.