ఐరిష్ పూర్వీకుల జాడ: 3వ పాఠం – గ్రిఫిత్స్ వాల్యుయేషన్ చదవడం

1901, 1911 జనాభా లెక్కల్లో కుటుంబం దొరికాక ఇంకా వెనక్కి వెళ్లాలంటే దారి ఇరుకవుతుంది. 1821 నుంచి 1851 దాకా తీసిన లెక్కల్లో చాలా భాగం 1922 జూన్‌లో డబ్లిన్‌లో ప్రభుత్వ రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనాల మంటల్లో కాలిపోయింది. ఆ తర్వాతి నాలుగింటిని ప్రభుత్వమే నాశనం చేసింది. ఆ లోటును కొంతవరకు తీర్చేది 1847–1864 మధ్య పన్ను కోసం అచ్చువేసిన భూములు, ఇళ్ల విలువల జాబితా గ్రిఫిత్స్ వాల్యుయేషన్. ఆస్క్ అబౌట్ ఐర్లండ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు.

వెతికే ముందు ఇంటిపేరు సంగతి తేల్చుకోండి. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వస్తే, అక్కడివి ఎక్కువగా మనుషుల పేర్ల నుంచి వచ్చాయి. ‘మాక్’ అంటే కొడుకు, ‘ఓ’ అంటే మనవడు లేదా వంశీకుడు. ఇంగ్లీషు పాలనలో ఇవి చాలా పేర్ల నుంచి రాలిపోయి, 19వ శతాబ్దం చివర్లో కొన్నింటికి తిరిగి చేరాయి. అందుకే ఓబ్రయన్ కోసం వెతికేవాళ్లు బ్రయన్ కూడా కొట్టి చూడాలి. కావన్ కౌంటీలో స్మిత్ అని కనిపిస్తే అది మాక్ గవన్‌కు అనువాదం కావచ్చు. వెక్స్‌ఫర్డ్ మర్ఫీలు, అల్‌స్టర్ మర్ఫీలు వేర్వేరు వంశాలవాళ్లు. ఇంటిపేరు చెబితే వంశచిహ్నం అమ్మే దుకాణాలను నమ్మకండి, ఆ చిహ్నాలు వ్యక్తులకు ఇచ్చినవి, ఇంటిపేర్లకు కాదు.

ఇప్పుడు పేజీలో ఒక వరుస తీసుకుందాం. ఎడమవైపు ‘7 ఎ’ లాంటి గుర్తుంటుంది. అంకె కమతానిది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు (A, B) అదే కమతంలో విడివిడిగా ఉన్న నేల చెక్కలు, చిన్న అక్షరాలు (a, b) ఇళ్లు. తర్వాత సాగుదారు పేరు, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నాడో ఆ పేరు. ఈ రెండో మనిషి అసలు భూస్వామే కానక్కరలేదు. విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చీల్లో ఉంటుంది. 40 పెర్చీలు ఒక రూడ్, 4 రూడ్లు ఒక ఎకరం. భార్యాపిల్లల పేర్లు ఉండవు.

ఒకే టౌన్‌ల్యాండ్‌లో (అక్కడి అతిచిన్న భూవిభాగం) ఇద్దరు జాన్ కెల్లీలుంటే ఒకరి పక్కన బ్రాకెట్లో ‘ప్యాట్’ అని కనిపించవచ్చు. అది సాధారణంగా తండ్రి పేరు. దాన్ని వదలొద్దు, ఒక తరం వెనక్కి అదే దారి చూపుతుంది. ‘రెడ్’ అని ఉంటే మాత్రం అది జుట్టు రంగు.

ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. పుస్తకంలో ఉన్నది సివిల్ పారిష్, అంటే ప్రభుత్వ లెక్కలకు వాడిన విభాగం. క్యాథలిక్ పారిష్ (చర్చి పరిధి) సరిహద్దులు వేరు కాబట్టి బాప్తిజం రిజిస్టర్లకు వెళ్లేముందు రెండింటినీ పోల్చాలి. ఇక ఆన్‌లైన్ పటాల్లో కొన్ని తర్వాతి కాలానివి, అంకెలు పుస్తకంతో కలవకపోవచ్చు. అప్పుడు చెక్క ఆకారాన్నీ, పక్క కమతాల వరసనూ చూసి పోల్చండి.

ఆ కమతం తర్వాత ఎవరి చేతికి వెళ్లిందో సవరణ పుస్తకాల్లో రంగు సిరాతో రాసి ఉంటుంది. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీల స్కాన్లు ప్రోనీ (ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ రికార్డుల కార్యాలయం) వెబ్‌సైటులో ఉన్నాయి. పేరు మారిన ఏడాదికి ముందు కొన్నేళ్ల మరణ నమోదులు వెతకండి. ఎందుకంటే పుస్తకంలో మార్పు తరచు ఆలస్యంగా ఎక్కేది. మరణ నమోదు 1864 జనవరి 1న మొదలైంది.

వచ్చే పాఠానికల్లా మీ టౌన్‌ల్యాండ్‌లో అదే ఇంటిపేరున్న వరుసలన్నీ కమతం అంకెతో సహా ఎత్తి రాసుకోండి. బాప్తిజం రిజిస్టర్లలో సాక్షుల పేర్లతో వాటిని జత చేద్దాం.