బియర్డెడ్ డ్రాగన్ భాష – నాలుగో పాఠం: ఊపే చెయ్యి

ఈసారి బియర్డెడ్ డ్రాగన్ (గాజు పెట్టెలో పెంచుకునే, తొండలాంటి బల్లి) తల ఊపడం గురించి చెప్పాల్సి ఉంది. దానికంటే ముందు ఒక అప్పు తీర్చాలి. పోయిన పాఠంలో ‘నోరు తెరిచి కూర్చుంటే ఒంట్లోకి కావలసినంత వేడి చేరినట్టు’ అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయాను. ‘వేడి ఎక్కువైనట్టు’ అని చదువుకుని పెట్టెలో వేడినిచ్చే దీపం ఆర్పేసినవాళ్లు చాలామందే ఉన్నారు. మూడు రోజులకు అందరిదీ ఒకటే మొర: తిండి ముట్టడం లేదు, రోజంతా నల్లగా ముడుచుకుని పడుకుంటోంది. ముట్టదు మరి! బయటి వేడి అందకపోతే దాని కడుపులో పురుగు అరగదు. తప్పు సగం నాదే.

మళ్లీ చూద్దాం. దీపం కింద రాయి మీద ఒళ్లు వదులుగా వేసి, నోరు కాస్త తెరిచి కూర్చుందంటే హాయిగా ఉన్నట్టే. అదనపు వేడిని నోటి తడి ద్వారా వదులుకుంటూ అక్కడే ఉంటుంది. వేడి భరించలేనిదైతే తనే లేచి చల్లని మూలకు పోతుంది. పోవడానికి అలాంటి మూల ఉందో లేదో చూడడమే మీ పని. చల్లని మూలలోనూ నోరు తెరిచే ఉండి, మెడ పైకి చాచి, ఊపిరిలో గురక, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. ఇక నోరు బార్లా తెరిచి, గడ్డం, అంటే గొంతు కింది ముళ్ల చర్మం, నల్లగా ఉబ్బించి, ఒళ్లు పళ్లెంలా పరిచిందంటే మిమ్మల్ని దూరంగా ఉండమంటోంది.

రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్లని వైపు 25కు అటూ ఇటూ ఉండాలి. గాజుకు అంటించే ముల్లు థర్మామీటరును పారేయండి. అది గాజు పక్కనున్న గాలి సంగతి చెబుతుంది కానీ పొట్ట కింది రాయి సంగతి చెప్పదు.

తల ఊపడం తొండను చూసినవాళ్లకు కొత్త కాదు, ఇదీ ఆ కుటుంబమే. వేగంగా ఊపితే దర్పం, నెమ్మదిగా ఊపితే లొంగుబాటు. అంతే.

ఇప్పుడు నా ఒళ్లు మండించే సంగతి. ముందుకాలు ఒకటి ఎత్తి, గాలిలో నెమ్మదిగా సున్నా చుట్టి దించుతుంది. వెంటనే ‘టాటా చెబుతోంది’ అని మురిసిపోయి, మళ్లీ ఊపించడానికి గాజు దగ్గర మొహం పెడతారు. అది పలకరింపు కాదు. ‘నేను నీకంటే చిన్నదాన్ని, నాతో గొడవ వద్దు’ అని చెప్పుకోవడం. డ్రాగన్ పిల్లలు ఎక్కువగా ఊపేది అందుకే. మిమ్మల్ని చూసిన ప్రతిసారీ ఊపుతోందంటే ప్రతిసారీ బెదురుతోందన్నమాట. మా ఇంట్లోది రోజూ సాయంత్రం ఎవరూ లేని గోడవైపు తిరిగి చెయ్యి ఊపేది. వారం తర్వాత నేల మీద పడుకుని దాని ఎత్తు నుంచి చూస్తే తెలిసింది: గది చీకటి పడగానే గాజులో దాని నీడే దానికి ఎదురుగా నిలబడుతోంది. మూడు వైపులా బయటినుంచి కాగితం అంటించాను. మర్నాటి నుంచి ఊపలేదు.

మీ చెయ్యి కూడా భయపెట్టేదే. నడినెత్తిన పొలుసుల మధ్య చిన్న మచ్చలాంటి మూడో కన్ను ఉంటుంది. దానికి బొమ్మ కనబడదు, వెలుగు నీడలు తెలుస్తాయి. పైనుంచి చెయ్యి దించితే దాని లెక్కలో గద్ద వాలినట్టే. పక్కనుంచి, నేలకు ఆనించి పోనివ్వండి.

ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడమూ ప్రేమ కాదు. పైది కిందిదాని వాటా వెలుగు, వేడి కాజేస్తోంది. ఒక పెట్టెలో ఒక్కదాన్నే ఉంచండి.

అభ్యాసం: ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున ముట్టుకోకుండా చూడండి. గడ్డం రంగు, నోరు, కాళ్లు, కూర్చున్న చోటు, ఆ చోటి వేడి రాయండి. ‘కోపం’, ‘సంతోషం’, ‘అలక’ అనే మాటలు రాసిన పేజీ చింపేసి ఆ రోజు మళ్లీ చేయండి.