తెరచాప పడవలో మంచినీళ్లు పొదుపుగా వాడటం ఎలా?

కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి అట్లాంటిక్ మీదుగా వెళ్లాలంటే సుమారు 2,700 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 5,000 కిలోమీటర్లు. మామూలు తెరచాప పడవకి మూడు వారాల దాకా పడుతుంది. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 3 లీటర్లు అనుకున్నా, నలుగురికి 21 రోజులకు 252 లీటర్లు కావాలి. స్నానాలూ అంట్లూ ఇందులో లేవు. అందుకే బయల్దేరకముందే ఈ అలవాట్లు చేసుకోండి.

ముందు కొలత. పడవ ఒక పక్కకి ఒరిగితే ట్యాంకు మీటరు చూపించే లెక్క నమ్మలేం. రోజూ పొద్దున్నే ఆ రోజుకి సరిపడా నీళ్లు క్యాన్లలోకి పట్టేసి, కరెంటు పంపు స్విచ్ ఆపేయండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. రాత్రిపూట ఎక్కడైనా పైపు ఊడితే ఆ పంపు ట్యాంకు మొత్తం పడవ అడుక్కి తోడిపోస్తుంది. కాలితో తొక్కే పంపుతో ఆ టెన్షన్ లేదు, తొక్కినంతసేపే నీళ్లు వస్తాయి. రెండు ట్యాంకులుంటే ఒకదాని వాల్వు మూసే ఉంచండి. అత్యవసరానికి విడిగా పెట్టుకునే క్యాన్లలో పైన కాస్త ఖాళీ వదలండి. పడవ వదిలి దూకాల్సి వచ్చినా అవి సముద్రంలో తేలతాయి.

ఇక అంట్లు. పళ్లెంలో మిగిలిన పప్పు, నూనె ముందు పాత గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. తాడు కట్టిన బకెట్‌తో సముద్రపు నీళ్లు తోడుకోండి. పడవ వేగంగా పోతున్నప్పుడు తాడుని చేతికి చుట్టుకోవద్దు, బకెట్ మనిషినే లాగేస్తుంది. ఉప్పునీళ్లలో సబ్బు బిళ్ల నురగ రాదు, గిన్నెలు తోమే లిక్విడ్ వాడండి. చివర్లో స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు కొట్టి తుడిస్తే చాలు. రేవులో మాత్రం సముద్రపు నీళ్లు ముట్టొద్దు, అక్కడ డీజిలూ మురుగూ కలిసి ఉంటాయి.

అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి అన్నానికి పనికిరావు. గుడ్లు, తొక్కతో బంగాళదుంపలు మాత్రం ఆ నీళ్లలో నిక్షేపంగా ఉడికించుకోవచ్చు.

స్నానం కూడా ఉప్పునీళ్లతోనే. కానీ ఒంటి మీద ఉప్పు మిగిలితే తేమ పీల్చుకుని పుండ్లు పడతాయి. మొక్కలకి మందు కొట్టే చిన్న స్ప్రేయర్‌లో 2 లీటర్ల మంచినీళ్లు పోసుకుంటే తల నుంచి కాళ్ల దాకా కడుక్కోవచ్చు.

వాన వస్తే మొదటి జల్లుకి తెరచాప, డెక్ మీద ఉప్పు కొట్టుకుపోనివ్వండి. నాలుక మీద చుక్క వేసుకుని చూసి, ఉప్పదనం లేకపోతేనే ట్యాంకు మూత తెరవండి. బట్టలు ఉతకడానికి కూడా అదే అదను.

ఉప్పునీటిని శుద్ధి చేసే వాటర్‌మేకర్ ఉన్నా ట్యాంకులు నింపుకునే బయల్దేరండి. అది దాదాపు 55 బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 55 రెట్లు) పనిచేసే యంత్రం, ఒక్క సీలు పోయినా ఆగిపోతుంది.