ఫోన్‌లో అలవాట్ల పట్టిక: గూగుల్ షీట్స్‌తో మీరే తయారు చేసుకోవడం ఎలా?

ప్లే స్టోర్‌లో అలవాట్లు లెక్కపెట్టే యాప్‌లు బోలెడున్నాయి. చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. చేసిన రోజు టిక్, వరసగా ఎన్ని రోజులు చేశారో ఒక పెద్ద అంకె, ఒక్కరోజు తప్పితే ఆ అంకె మళ్లీ సున్నా. 28 రోజులు తెల్లారగట్లే లేచి పరిగెత్తిన కుర్రాడు జ్వరమొచ్చి ఒక్కరోజు మానేస్తే, ఆ యాప్ లెక్కలో వాడూ, అసలు మొదలే పెట్టనివాడూ ఒకటే. ఆ లెక్క నాకు ఒప్పుదల కాదు. అందుకే శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకి చదువుకుంటున్న మా పిల్లలందరికీ సొంత పట్టిక కట్టుకోమనే చెబుతుంటాను. కోడింగ్ రానక్కర్లేదు. ఒక గూగుల్ ఖాతా, మొదటిసారి అమర్చుకోవడానికి ఒక గంటసేపు కంప్యూటరు, ఆ తర్వాత రోజూ వాడటానికి ఫోన్‌లో గూగుల్ షీట్స్ యాప్ ఉంటే చాలు. ఖర్చేమీ లేదు.

ముందు కాగితం మీద

కంప్యూటరు తెరవకముందే ఏయే అలవాట్లు రాయాలో తేల్చుకోండి. నాలుగు దాటొద్దు. పది పెట్టుకున్నవాళ్లు రెండో వారానికే నింపడం మానేస్తారు, ఎందుకంటే రాత్రి నిద్రమత్తులో పది గళ్లు నింపే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రతి అలవాటునీ చేశానా, లేదా అని ఒక్కమాటలో తేలిపోయేలా రాయాలి. "బాగా చదవాలి" అని రాస్తే రాత్రికి మీతో మీకే వాదన మొదలవుతుంది. "అరిథ్‌మెటిక్‌లో 30 లెక్కలు" అంటే వాదన ఉండదు. కోడి రామ్మూర్తి స్టేడియంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి సాధన చేసే కుర్రాడి పట్టిక ఇలా ఉండొచ్చు: పొద్దున్న ఆరున్నర లోపు 1600 మీటర్ల పరుగు, అరిథ్‌మెటిక్‌లో 30 లెక్కలు, పేపరు చదివి 5 పాయింట్లు నోట్స్, రాత్రి 11 లోపు పడక. నాలుగే. వీటిలో పడకని తక్కువ చేయొద్దు. అది తప్పిన మర్నాడు మొదటి గడి ఎలా ఉంటుందో నెల తిరిగేసరికి మీకే కనబడుతుంది.

షీట్ తెరిచాక మొట్టమొదటి పని

కంప్యూటర్లో కొత్త షీట్ తెరిచి, పేరు పెట్టి, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లండి. అక్కడ లొకేల్ ఇండియా అనీ, టైమ్ జోన్ కోల్‌కతా అనీ ఉందో లేదో చూడండి. చాలామంది ఇది చూడరు. లొకేల్ అమెరికా అని ఉంటే 5/6 అని కొట్టినప్పుడు జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది. టైమ్ జోన్ అమెరికా పడమటి తీరానిదైతే మన మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో గానీ షీట్‌కి తెల్లారదు. పొద్దున్న చూసేసరికి "ఈరోజు" అని నిన్నటి వరస చూపిస్తుంటే కారణం ఇదే.

మొదటి వరసలో శీర్షికలు రాయండి. ఏ అనే కాలమ్‌లో తేదీ, బి లో వారం, సి నుంచి ఎఫ్ వరకు నాలుగు అలవాట్లు. వ్యూ మెనూలో ఫ్రీజ్ నొక్కి ఆ వరసని కదలకుండా ఆపేయండి.

ఒక్కో రోజుకి ఒక్కో వరస, కిందికి పోవాలి. గోడ క్యాలెండర్‌లాగా రోజుల్ని అడ్డంగా పేర్చే పద్ధతి కంప్యూటర్లో అందంగానే ఉంటుంది గానీ, నిలువుగా ఉండే ఫోన్ తెర మీద 20వ తేదీ వెతుక్కోవడానికి పక్కకి జరుపుకుంటూ పోవాలి. స్థలానికేం కొరత లేదు, ఒక షీట్ ఫైల్లో కోటి గళ్ల దాకా పడతాయి.

ఏ2 లో మొదటి తేదీ, ఏ3 లో రెండో తేదీ కొట్టి, రెండూ ఎంచుకుని, మూలనున్న చుక్క పట్టుకుని కిందికి లాగితే మిగతా తేదీలు అవే వస్తాయి. బి2 లో వారం పేరు కోసం ఒక సూత్రం కావాలి. సూత్రాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, షీట్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి:

=టెక్స్ట్(ఏ2,"డిడిడి")

కోట్స్ మధ్య ఉన్నది డి అనే చిన్న అక్షరం, మూడుసార్లు. దీన్నీ కిందికి లాగేయండి. తర్వాత ఏ కాలమ్ ఎంచుకుని, ఫార్మాట్ మెనూలో కండిషనల్ ఫార్మాటింగ్ తెరిచి, "డేట్ ఈజ్" అన్న షరతుకి "టుడే" పెట్టి పసుపు రంగు ఇవ్వండి. ఇవాళ్టి తేదీ ఎక్కడుందో దూరం నుంచే తెలుస్తుంది.

ఒకటి, సున్నా, గీత

ఈ పట్టికకి ప్రాణం ఇక్కడే ఉంది. షీట్స్‌లో టిక్ పెట్టే చెక్‌బాక్స్ దొరుకుతుంది, చాలామంది దాన్నే వాడతారు. నేను వద్దంటాను. టిక్ లేని పెట్టె మూడు సంగతుల్లో ఏదైనా కావచ్చు. ఆ పని చేయలేదు. చేశారు గానీ రాయలేదు. లేదా ఆ రోజు చేసే వీలే లేదు. ఈ మూడూ వేర్వేరు. కలిపేస్తే నెలాఖరుకి చేతిలో ఉండేది తప్పుడు లెక్క.

అందుకని గడిలో ఈ మూడింట్లో ఒకటి కొట్టండి. చేస్తే 1. చేయగలిగి కూడా చేయకపోతే 0. చేసే వీలే లేకపోతే అడ్డగీత. రాయడం మర్చిపోయి, గుర్తు కూడా రాకపోతే గడి ఖాళీగా వదిలేయండి. మూడూ ఫోన్‌లో అంకెల కీబోర్డు మీదే ఉంటాయి.

గీత ఎప్పుడు వాడాలో ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే బద్ధకం వేసిన ప్రతిరోజూ గీతే పడుతుంది. జ్వరం, ప్రయాణం, పరీక్ష రోజు, తుఫాను. మన జిల్లాలో తుఫాను మాట ఊరికే అనడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారంలో పరుగు గడిలో సున్నాలు వేసుకుని మనసు కష్టపెట్టుకోవడం దేనికి? రథసప్తమికి అరసవల్లి క్యూలో తెల్లవార్లూ నిలబడ్డ రోజుకీ గీత పెట్టుకోవచ్చు. మర్నాడు మాత్రం కాదు.

సున్నా వేయడానికి చెయ్యి రాదు చాలామందికి. మా మేనకోడలు మొదట్లో "సున్నా ఎయ్యాలంటే సిగ్గుగా ఉంది మావయ్యా, ఖాళీగా వదిలెయ్యనా?" అని అడిగేది. "వెయ్యమ్మా, అది నీకు తప్ప ఇంకెవరికీ కనబడదు" అనేవాణ్ణి. సున్నా వేసిన రోజు గురించి తర్వాత ఆలోచించొచ్చు. ఖాళీ గడి గురించి ఆలోచించడానికి ఏమీ ఉండదు.

ఏడు రోజుల సగటు

ఒకట్లూ సున్నాలే రాస్తే ఇంకో లాభం ఉంది. వాటి సగటే మీ శాతం. ఏడు రోజుల్లో ఐదు ఒకట్లు, రెండు సున్నాలు ఉంటే 71 శాతం. ఖాళీ గడుల్నీ, గీతల్నీ షీట్ సగటులోకి తీసుకోదు కాబట్టి జ్వరమొచ్చిన రోజు మీ లెక్కని చెడగొట్టదు.

కానీ చిక్కొకటుంది. వారంలో రెండే రోజులు రాసి, ఆ రెండూ ఒకట్లే అయితే సగటు 100 శాతం అని చూపిస్తుంది. అది నిజం కాదు. కనీసం నాలుగు రోజులు రాస్తేనే సగటు చూపించమని చెప్పాలి. ఏడో రోజు వరసలో, అంటే జి8 గడిలో ఇలా కొట్టండి:

=ఇఫ్(కౌంట్(సి2:సి8)<4,"",యావరేజ్(సి2:సి8))

కౌంట్ అన్నది అంకెలున్న గడుల్ని మాత్రమే లెక్కపెడుతుంది. అవి నాలుగు కంటే తక్కువైతే గడి ఖాళీగా ఉండాలి, లేకపోతే సగటు చూపించాలి, ఇదే దాని అర్థం. దీన్ని పక్కకి జె వరకు, తర్వాత కిందికి చివరి తేదీ వరకు లాగండి. నాలుగు అలవాట్లకీ ఏ రోజుకారోజు వెనకటి ఏడు రోజుల సగటు వస్తుంది. ఫార్మాట్ మెనూలో పర్సెంట్ ఎంచుకోండి. రేపు, ఎల్లుండి వరసల్లో కూడా ఏదో అంకె కనిపిస్తుంది, పట్టించుకోవద్దు. ఇవాళ్టి వరసే చూడాలి. 80 శాతం పైన ఆకుపచ్చ, 50 లోపు ఎరుపు వచ్చేలా మళ్లీ కండిషనల్ ఫార్మాటింగ్‌తో పెట్టుకుంటే చూడగానే అర్థమవుతుంది.

వరస రోజుల లెక్క కూడా కావాలనేవాళ్లు కె2 లో ఈ సూత్రం కొట్టి కిందికి లాగొచ్చు:

=ఇఫ్(సి2=1,ఎన్(కె1)+1,ఇఫ్(సి2="-",ఎన్(కె1),0))

మధ్యలో ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం ఎందుకంటే, కె1 లో ఉన్నది అంకె కాదు, శీర్షిక. దానికి ఒకటి కలపమంటే షీట్ ఎర్రర్ చూపిస్తుంది. ఎన్ ఆ మాటని సున్నాగా మారుస్తుంది. గీత పెట్టిన రోజు వరస తెగదు, అంకె పెరగదు కూడా.

అయినా నేను సగటునే నమ్ముతాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. అందులో అలవాటు స్థిరపడటానికి పట్టే కాలం మనిషిని బట్టీ, పనిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా కట్టారు, 12 వారాలు దాటిన అంకెలు ఆ గమనింపుని బట్టి లెక్కగట్టినవే. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ ఆటంకం రాలేదని కూడా అందులోనే ఉంది. ఒక్కరోజు తప్పితే అంతా పోయిందని టెన్షన్ పడే పిల్లలకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

ఆదివారం పది నిమిషాలు

వారానికోసారి బి కాలమ్ పక్కన పెట్టుకుని సున్నాలు చూడండి. మా వీధిలో ఒక కుర్రాడి పరుగు కాలమ్‌లో వారంలో సరిగ్గా ఒకే రోజు సున్నా పడుతుండేది. అది సంత రోజు. తెల్లారగట్ల మూడింటికే తండ్రితో కలిసి కూరగాయల బస్తాలు ఆటోలోకి ఎక్కించేవాడు. తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కేసేది. వాడేమో నాకు పట్టుదల లేదు అనుకుంటున్నాడు. పట్టిక చూశాక ఆ ఒక్కరోజు పరుగుని సాయంత్రానికి మార్చుకున్నాడు, సగటు దానంతటదే పెరిగింది.

మూడు వారాలు వరసగా 50 శాతం లోపే ఉన్న అలవాటుని ఇంకా చిన్నది చేయండి. 30 లెక్కల్ని 10 చేయండి. శీర్షిక మార్చిన రోజు ఆ గడి మీద ఒక నోట్ పెట్టుకోండి, ముందు లెక్కా తర్వాత లెక్కా కలిపి పోల్చకుండా ఉంటారు.

పనులకి వేరే పేజీ

అలవాటు రోజూ వస్తుంది, పని ఒక్కసారి చేస్తే అయిపోతుంది. కరెంటు బిల్లు, మీసేవలో ఆదాయ ధ్రువపత్రం, దరఖాస్తుకి ఆఖరి తేదీ లాంటివాటిని అలవాట్ల పేజీలో కలపొద్దు. కింద ప్లస్ గుర్తు నొక్కి "పనులు" అని ఇంకో పేజీ పెట్టండి. ఏ లో పని, బి లో గడువు, సి లో పూర్తయిన తేదీ, డి లో మిగిలిన రోజులు. డి2 లో:

=ఇఫ్(ఆర్(బి2="",సి2<>""),"",బి2-టుడే())

ఇందులో ఆర్ అన్నది ఒక్క అక్షరం కాదు, "లేదా" అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట (OR). గడువు రాయకపోయినా, పని అయిపోయినా గడి ఖాళీగా ఉంటుంది. లేకపోతే మిగిలిన రోజులు చూపిస్తుంది, మైనస్ వచ్చిందంటే గడువు దాటిపోయినట్టు. డి లో అంకె బదులు తేదీ కనిపిస్తే ఫార్మాట్‌లో నంబర్‌కి మార్చండి. పూర్తయిన పనుల్ని చెరపొద్దు. దరఖాస్తు ఎప్పుడు పంపామో ఆర్నెల్ల తర్వాత కచ్చితంగా వెతుక్కుంటాం.

ఫోన్‌లోకి, ఇంట్లోవాళ్ల దగ్గరికి

ఫోన్‌లో షీట్స్ యాప్ తెరిచి, ఫైలు పక్కనున్న మూడు చుక్కల్లో రెండు పనులు చేయండి. ఒకటి, ఆఫ్‌లైన్‌లో దొరికేలా పెట్టడం. సిగ్నల్ లేకపోయినా నింపొచ్చు, నెట్ వచ్చాక అదే సర్దుకుంటుంది. రెండోది, హోమ్ స్క్రీన్ మీద పెట్టడం. ఫైలు వెతుక్కోవాల్సి వస్తే ఆ రాత్రి నింపరు. షీట్ తనంతట తాను గుర్తు చేయదు కాబట్టి భోజనాలయ్యే వేళకి ఫోన్‌లో అలారం పెట్టి, దానికి "పట్టిక" అని పేరు ఇవ్వండి.

మన వైపు పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండి, అమ్మానాన్నలు ఊళ్లో ఉండే ఇళ్లు ఎన్నో. బీపీ మాత్రకి ఒక్క కాలమ్ పెట్టి అమ్మ ఫోన్‌లో తెరిచి ఇస్తే, కొడుకు అక్కణ్ణుంచే చూసుకోవచ్చు. షేర్ నొక్కినప్పుడు లింకు ఉన్నవాళ్లందరికీ అన్న ఎంపిక వద్దు. చూడాల్సిన మనిషి ఈమెయిల్ రాసి, వ్యూయర్‌గానే చేర్చండి. "అమ్మా, నిన్నటి గడి ఖాళీగా ఉందేటి?" అని ఫోన్ చేస్తే, "మాత్ర ఏసుకున్నాన్రా, రాయడం మర్చిపోనాను" అని ఆవిడ అనొచ్చు. అందుకే ఖాళీని సున్నా కింద లెక్కేయకూడదని అన్నాను. ముఖ్యంగా, ఖాళీ గడి చూసి ఇంకో మాత్ర వేసుకోవద్దు. మాత్రల స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో చూసి తేల్చుకోమని చెప్పండి.

నెలకోసారి ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నొక్కి ఎక్సెల్ కాపీ ఒకటి దాచుకోండి. ఏడాది తిరిగాక పాత పేజీ పేరు మీద నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. కొత్త పేజీలో సి నుంచి ఎఫ్ వరకు ఉన్న అంకెలు మాత్రం చెరిపి, తేదీలు మార్చుకుంటే సరిపోతుంది, సూత్రాలు ముట్టుకోనక్కర్లేదు.