మీ సర్క్యూట్ రాండమ్ బిట్లు ఇస్తోందా, ఇచ్చినట్టు నటిస్తోందా?

బీసీ547 ట్రాన్సిస్టర్ ఎమిటర్-బేస్‌కు వోల్టేజ్ తిరగేసి ఇచ్చి, అప్పుడు పుట్టే నాయిస్‌తో (వోల్టేజ్‌లో అడ్డదిడ్డమైన ఒడుదుడుకులు) రాండమ్ బిట్లు, అంటే ఎవరూ ఊహించలేని సున్నాలు, ఒకట్లు తీసేవాళ్లకు వచ్చే తలనొప్పులివి. తిరుపతిలో మా మేడమీద గదిలో ఇవన్నీ నేనూ పడ్డవే.

సమస్య: టెస్టులన్నీ పాస్, అయినా అనుమానం పోవట్లేదు.
కారణం: మీరు టెస్ట్ చేసింది ఎస్‌హెచ్ఏ-256 అనే హ్యాష్ (ఏ డేటానైనా గజిబిజిగా కలిపేసే లెక్క) లోంచి బయటికొచ్చిన డేటాని. అందులో 1, 2, 3 అని వరసగా వేసినా డైహార్డర్ అనే టెస్ట్ ప్రోగ్రామ్ పాస్ చేసేస్తుంది, ఆ మార్కులు హ్యాష్‌వి.
పరిష్కారం: హ్యాష్‌కి ముందే పచ్చి శాంపిల్స్ పది లక్షలు ఫైల్లో పట్టుకుని, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో తెచ్చిన ఎస్‌పీ 800-90బీ పద్ధతిలో పరీక్షించండి. మా అత్తకి సుప్రభాతం డిప్‌లో మూడుసార్లు పేరు రాకపోతే "ఇది రాండమేనంట్రా?" అంది. మూడుసార్లతో ఏం తేలుతుంది అత్తా!

సమస్య: ఎంట్ అనే టూల్ బిట్‌కి ఎంట్రోపీ (ఊహించలేనితనం) 0.97 అంటోంది, 90బీ మాత్రం 0.73 దాటట్లేదు.
రెండూ నిజమే. బిట్లలో 60 శాతం ఒకట్లుంటే ఎంట్ వాడే షానన్ లెక్క (సగటు ఎంట్రోపీ) 0.97 వస్తుంది, కానీ ఊహించేవాడు ప్రతిసారీ "ఒకటి" అంటే చాలు, నూటికి అరవైసార్లు గెలుస్తాడు. సీడ్‌కి (రాండమ్ అంకెల ప్రోగ్రామ్ మొదలుపెట్టే విలువకి) నమ్మాల్సింది చిన్న అంకెనే. నాయిస్‌ని సున్నా, ఒకట్లుగా విడగొట్టే కంపారేటర్ లెవెల్ సర్దండి, లేదా ఫాన్ నాయ్‌మన్ పద్ధతిలో బిట్లని జంటలు చేసి 01కి సున్నా, 10కి ఒకటి తీసుకుని మిగతావి పారేయండి. నూరు బిట్లకి 24 మిగులుతాయి, అదీ బిట్లకి ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే పనికొస్తాయి.

సమస్య: ప్రతి 20వ శాంపిల్‌కీ పోలిక కనిపిస్తోంది.
సెకనుకి వెయ్యి శాంపిల్స్ తీస్తుంటే 20 అంటే 20 మిల్లీసెకన్లు, అంటే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ లోపలికి దూరింది. సర్క్యూట్ బ్యాటరీ మీదే ఉంది కదా అని రెండు రాత్రులు కోడ్‌లో వెతికాను. మూడో రాత్రి కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, గ్రాఫ్‌లో 20 దగ్గర నిక్కపొడుచుకున్న గీత చదునైపోయింది! అసలు దొంగ ల్యాప్‌టాప్ ఛార్జరే. అది పీకేసి శాంపిల్స్ తీయండి, సర్క్యూట్‌ని రేకు డబ్బాలో పెట్టి డబ్బాని గ్రౌండ్‌కి కలపండి. ఒక్క 9 వోల్టుల బ్యాటరీని నమ్ముకోవద్దు, అరిగేకొద్దీ జంక్షన్ బ్రేక్‌డౌన్ దాకా వెళ్లక నాయిస్ చచ్చిపోతుంది, రెండు బ్యాటరీలు వరసగా కలపండి.

ఆర్డుయినో ఉనో బోర్డులో ఖాళీ అనలాగ్ పిన్ చదివి సీడ్ ఇస్తున్నారా? మానేయండి, మొత్తం 1024 విలువలే.

ఇక ఆర్ఎన్‌జీటెస్ట్ అనే టెస్ట్ ప్రోగ్రామ్‌లో 20,000 బిట్ల బ్లాకులు వెయ్యింటికి ఒకటి ఫెయిలైతే టెన్షన్ వద్దు, మంచి సోర్స్‌కీ ఆ మాత్రం పడుతుంది.