చేప మేతకు మందు పట్టించడం ఎలా? (నీళ్లకు కాదు, చేపకు అందేలా)

మొన్న భీమిలి దగ్గర పద్మనాభం వైపు ఒక చెరువు గట్టు మీద చూశాను. కుర్రాడు బస్తా మూతి విప్పి, పైన గుప్పెడు విటమిన్ పొడి చల్లి, రెండుసార్లు కుదిపి "అయిపోనాది బాబూ" అన్నాడు. పొడంతా జారి బస్తా అడుక్కి చేరింది. ఆఖరి గుప్పెళ్లు దొరికిన చేపలకు నెల కోటా, మిగతావాటికి సున్నా. సాయంత్రం ఆ చెరువు యజమానే "మందు పనిచేయడం లేదండీ" అని ఫోన్ చేశాడు. పనిచేయాలంటే ముందు చేప కడుపులోకి వెళ్లాలి కదా!

ఏ మందు ఎందుకో తెలియకుండా కొనకండి. విటమిన్ సి చాలా రకాల చేపలు సొంతంగా తయారు చేసుకోలేవు. అది చాలకపోతే ఎముకలను, చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ సరిగా ఏర్పడదు, వెన్ను వంకర పోతుంది. తవుడు, సోయా, నూనె చెక్కల్లో ఉన్న భాస్వరం చాలావరకు ఫైటేట్ అనే రూపంలో బిగిసి ఉంటుంది. చేప దాన్ని విడగొట్టలేదు, అలాగే విసర్జిస్తుంది, అది నీళ్లలో నాచుకు ఎరువవుతుంది. ఫైటేజ్ ఎంజైము ఆ ముడి విప్పుతుంది. అయితే అది బాగా పనిచేయాలంటే ఆమ్లం కావాలి. పంగస్, తిలాపియా, పండుగప్ప చేపలకు ఆమ్లం ఊరే జీర్ణాశయం ఉంది కాబట్టి ఫలితం కనిపిస్తుంది. శీలావతి, బొచ్చె చేపలకు జీర్ణాశయమే లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. వాటికి ఫైటేజ్ మీద అంత డబ్బు పోయడం నాకు నచ్చదు. లెసిథిన్, కోలిన్ లాంటి పోషకాలు కాలేయంలో కొవ్వు పేరుకోకుండా బయటికి మోయడానికి పనికొస్తాయి. కొవ్వెక్కువ మేత వాడేవాళ్లు ముందు చూడాల్సింది వీటినే.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు: గ్రాములు చూపించే తక్కెడ, వెడల్పాటి బేసిన్, స్ప్రే బాటిల్, తెల్ల గుడ్డ. నల్ల టార్పాలిన్ వద్దు, వేడెక్కుతుంది.

తర్వాత లెక్క. పది వేల చేపలు, ఒక్కోటి సగటున 100 గ్రాములు అనుకుంటే మొత్తం 1,000 కిలోలు. బరువులో 3 శాతం మేత అంటే రోజుకు 30 కిలోలు. ప్యాకెట్ మీద కిలో మేతకు 5 గ్రాములని ఉంటే 150 గ్రాములు కావాలి. కొన్ని ప్యాకెట్ల మీద మోతాదు మేతకు కాదు, కిలో చేప బరువుకు ఇస్తారు. రెంటినీ ఒకటిగా చదివి ముప్పై రెట్లు పోసినవాళ్లున్నారు.

ఇక అసలు పని, పొడిని మేత గుళికకు పట్టించడం. నూటికి తొంభై మంది ఇక్కడే చెడగొడతారు.

కిలో మేతకు 25 మి.లీ. నీళ్లు చాలు. 30 కిలోలకు 750 మి.లీ., ఒక్క చుక్క ఎక్కువ వద్దు. నీళ్లెక్కువైతే గుళిక మెత్తబడి చెరువులో వెయ్యగానే విడిపోతుంది. తక్కువైతే పొడి రాలిపోతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ప్రొబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల మందు) కలిపితే అందులోని జీవులు చస్తాయి. బోరు నీళ్లే వాడండి. వేడి నీళ్లు అసలు వద్దు. పొడి ముందు నీళ్లలో ఉండలు లేకుండా కరగాలి, అందులో కాస్త పలుచని చల్లారిన గంజి కలిపితే బంకలా పట్టుకుంటుంది. దుకాణాల్లో బైండర్ అమ్ముతారు గానీ, గంజి ఉండగా దానికి డబ్బు ఎందుకో నాకర్థం కాదు.

మేతను బేసిన్‌లో పలుచగా పరచి, ఒక చేత్తో స్ప్రే చేస్తూ, ఇంకో చేత్తో కిందనుంచి పైకి తిప్పుతూ పోవాలి. మూడు విడతలుగా, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ. చేత్తోనే కలపాలి. మిక్సర్లో తిప్పితే గుళికలు అరిగి పిండి రాలుతుంది. మా పనివాడు మొదటిసారి చూసి "ఏటి బాబూ, ఉప్మాకి తాలింపా?" అన్నాడు. సరిగ్గా అంతే, రవ్వకి నూనె అంటినట్టు ప్రతి గుళికకీ అంటాలి.

తర్వాత గుడ్డ మీద నీడలో, గాలి తగిలేలా ఆరనివ్వండి. ఎండలో పెడితే విటమిన్ సి పోతుంది. మన భీమిలి తీరం గాలి తేమతో నిండి ఉంటుంది, అరగంట అనుకున్నది గంట పడుతుంది. తొందరపడి తడి మేత బస్తాలో కడితే బూజు పడుతుంది, బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయాన్నే దెబ్బతీస్తుంది. కాలేయం కోసం మందు కలిపి కాలేయానికే విషం పెట్టడమంటే ఇదే. ఏ రోజుది ఆ రోజే కలపండి.

ఆరాక కిలోకి 10 గ్రాముల చేప నూనె పైపూతగా వేస్తే మందు నీళ్లలోకి అంత తొందరగా దిగదు. నూనె ముక్కిన వాసన వస్తే పారెయ్యండి, చెడిన నూనె విటమిన్ ఇ ని తినేస్తుంది.

అనుమానముంటే గాజు గ్లాసులో నీళ్లు పోసి పది గుళికలు వెయ్యండి. రెండు నిమిషాల్లో నీళ్లు తెల్లబడితే మీ డబ్బు అక్కడే కరిగిపోయిందని. మళ్లీ మొదలు.

మేత ఉదయం ఎండ వచ్చాక వెయ్యండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది, తిన్నది అరిగించుకోవడానికి చేపకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. యాంటీబయాటిక్‌ను ప్రొబయోటిక్‌తో కలిపి వాడేవాళ్లను నేను ఆపలేను, ఒకటి వేసింది ఇంకొకటి చంపుతుంది.

మూడు వారాలయ్యాక రెండు చేపలు పట్టి కోసి చూడండి. కాలేయం ముదురు ఎర్రగా, నున్నగా ఉండాలి. పసుపు తిరిగి, వేలికి నూనెలా జిడ్డు అంటితే మేతలో కొవ్వు తగ్గించండి, మందు పెంచకండి. విటమిన్, ప్రొబయోటిక్ మాత్రమే వాడి ఉంటే ఆ రెండు చేపల్నీ నిరభ్యంతరంగా పులుసు పెట్టుకోవచ్చు.